యజమాని ఫోన్ నెంబరు

ఇందుకూరుపేట పక్క ఊళ్ళో, ఆదివారం పొద్దున, రొయ్యల రైతు హజరత్తయ్య ఇంటి వంటగది. ఆయన భార్య కామాక్షమ్మ, కొడుకు పెంచల్, కోడలు రోజా.

“పంపొద్దంటే పంపొద్దు, అంతే. రోజా, ఆ ఫోన్ పక్కన పెట్టి చేపలు కడుగు.”

“చేపలు అత్త కడుగుతా ఉంది బావా. ఏదో ఒక పని చెప్పాలని చెప్తన్నావు.”

“అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి.”

“నాకు సంగతి తెలిస్తే గదా పెంచలా, చెప్పేదానికి! కాఫీ కాడ మొదలుపెట్టినారు, పంపుతా, పంపొద్దు, పంపుతా, పంపొద్దు. ఏందది పంపేది? ఎవురికి?”

“చెరువులో పెట్టె పెట్టినాం గదత్తా, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే ఫోన్ చేసి చెప్పేది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎవురైనా ఊరికే వాడుకోవచ్చు. కొత్తగా పెట్టుకునే వాళ్ళు ఎట్ట మొదలుపెట్టాల్నో తెలుగులో ఒక పేజీ రాసినారు. ఆ పేజీలో ఒక మాట మార్చమని రాస్తన్నా.”

“ఊరికే ఇచ్చినోళ్ళకి వంకలు పెడతన్నావా? పెళ్ళికి పొయ్యి, కడుపు నిండా తిని, పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పినట్టుంది.”

“వాళ్ళే చెప్పమన్నారత్తా! తప్పుంటే దిద్ది పంపండి, బాగుంటే కలుపుకుంటాం అని పేజీ అడుగునే రాసుండారు.”

“అట్టయితే పంపు. దీనికింత రచ్చ ఎందుకు?”

“అమ్మా, ఏం రాసిందో అడగవా? చదువు రోజా, అమ్మకి కూడా చదివి వినిపించు.”

“చదవతా, నాకేం భయం? ‘నాలుగో మెట్టులో యజమాని ఫోన్ నెంబరు ఇవ్వండి అని ఉంది. దాని బదులు, చెరువు కాడుండే మనిషి నెంబరు ఇవ్వండి అని ఉండాల.’”

“బాగానే ఉంది గదరా.”

“ఉండమ్మా. కిందది చదవమను.”

“‘మా ఇంట్లో గ్యాసుకైనా, కరెంటుకైనా మామ నెంబరే ఇస్తాం. దీనికీ అదే ఇచ్చినా. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు కరెంటు పోయి ఆగిపోయిన రాత్రి ఫోన్ వచ్చింది. మేత అమ్ముకునే కంపెనీ వాళ్ళ రికార్డు ఫోన్ అనుకుని మా పెద్దాయన కట్ చేసినాడు. నేను లేచి చూసి జనరేటర్ వేసేసరికి సగం రొయ్యలు పోయినాయి.’”

“ఓసి నీ! ఇది బయటోళ్ళు చదువుతారా?”

“బయటోళ్ళా! ఏ దేశంలో ఉండేవాడైనా చదువుకోవచ్చమ్మా.”

“పేరు రాయలా బావా. మా పెద్దాయన అన్నా, అంతే.”

“కింద నీ పేరుంది, ఊరి పేరుంది. ఈ ఊళ్ళో రోజాకి ఎంతమంది మామలుండారు?”

“ఊరి పేరు లేకపోతే ఎవురు నమ్ముతారు?”

“కరెంటు పోయింది, అందుకే చచ్చిపోయినాయి అని రాయి. అయిపోతుంది.”

“కరెంటు పోయి ఆక్సిజన్ తగ్గంగానే ఫోన్ వచ్చింది బావా. పెట్టె దాని పని అది చేసింది. మనమే పలకలా.”

“మనం అనబాక. మా నాయన అను. అనేసినావుగా ఎట్టాగూ.”

“పెంచలా, గొంతు తగ్గించు. అయినా రోజా, ఆయన నెంబరు ఇచ్చింది నువ్వే గదా?”

“నేనే అత్తా. నా ఫోన్ చేతిలో పట్టుకుని, ఆ ఫోన్ నెంబరు ఇవ్వచ్చని నాకు తోచనే లేదు. పేజీలో యజమాని అని కనపడంగానే వేళ్ళు మామ నెంబరే కొట్టేసినాయి. వాకాడులో ప్రేమలీలక్క వాళ్ళు ఈ వారమే పెట్టె పెడతన్నారు. ఆమె కూడా అంతే చేస్తాది.”

“ప్రేమలీలక్కకి ఫోన్ చేసి చెప్పు. అంతటితో సరి.”

“ఆమెకి చెప్తా. నాకు తెలీని కోడళ్ళకి ఎవురు చెప్తారు?”

“సరే, పేజీ సంగతి తర్వాత. ముందు మన పెట్టెలో నా నెంబరు పెట్టు.”

“నువ్వు నెల్లూరులో రాత్రి డ్యూటీలో ఉంటే ఇక్కడ ఏరియేటర్లు ఎవురు చూస్తారు?”

“మరి ఎవురిది పెడతావు?”

“చూస్తా.”

“చూస్తా అంటే? చెప్పు, ఎవురిది?”

“చూస్తా అన్నా గదా బావా…”

“గమ్మునుండండి ఇద్దరూ. మీ నాయన వస్తన్నాడు.”

“ఏందిరా, నన్ను చూడంగానే ముగ్గురూ నోళ్ళు మూసినారు?”

“ఏం లేదు నాయనా. చేపలు. పులుసా, వేపుడా అని.”

“చేపలకి రోజా కళ్ళెందుకు ఎర్రబడతాయిరా? ఇట్ట నా పక్క తిరిగి చెప్పు అమ్మాయ్.”

“ఆ పెట్టె పేజీకి ఒక సవరణ రాసినా మామా. మీ సంగతి కూడా ఉంది. చదివి వినిపిస్తా…”

“వినిపించబాక. ఫోనియ్యి, నేనే చదువుకుంటా.”

“నాయనా, నేను వద్దనే చెప్పినా…”

“ఏమయ్యా, దానికి తెలీక రాసింది. కోపం తెచ్చుకోబాక.”

“కోపమెందుకే? బాగా రాసినావమ్మాయ్. ఒక్క కాడ తప్పు పడింది.”

“ఎక్కడ మామా? మీ మాట మొత్తం తీసేయమంటే తీసేస్తా.”

“తీయబాక, దిద్దు. కట్ చేసినాడు అని రాసినావే, నేను కట్ చెయ్యలా.”

“రికార్డు ఫోన్ అనుకున్నా అని నువ్వే చెప్పినావు గద నాయనా!”

“ఏదో ఒకటి చెప్పాల గదరా. ఎత్తినా. చెవికి ఆనించుకుని చానాసేపు కూర్చున్నా. ఏమీ వినపళ్ళా.”

“వినపళ్ళేదా? పెట్టెలో మాట రాలేదా?”

“అందరికీ వస్తాంది గదరా. నాకే రావడంలా.”

“అయ్యో! ఎప్పటి నుంచయ్యా? నాతో బాగానే మాట్లాడతా ఉంటివే!”

“ఎదురుగా ఉంటే నీ పెదాలు చూసి నెట్టుకొస్తన్నా కామాక్షీ. ఫోన్లో పెదాలుండవు గదే.”

“మామా, అది నేను రాయను. కట్ చేసినారనే ఉండనీండి.”

“అబద్ధం రాసి పంపితే ఎవురికి పనికొస్తాది? ఎత్తినాడు, వినపళ్ళా అని రాయి. ఇంకో మాట. ముగ్గురూ ఉండారు గాబట్టి చెప్తన్నా, మళ్ళీ చెప్పించుకోబాకండి. పెట్టెలో నీ నెంబరు పెట్టు అమ్మాయ్. రేపట్నించి చెరువు నీది. మేతెంత వెయ్యాల్నో, రొయ్యలు పట్టి అమ్మేది ఎప్పుడో, నేనూ పెంచలూ నిన్నే అడగతాం.”