స్వాహిలిలో కాపరం

"అవ్వా, వచ్చే నెల్లో నేనూ మా ఆయనా మిషన్ పని మీద కంబోడియా పోవాల గదా. ఆడ పని మొదలుబెట్టేముందు భాష నేర్పిస్తారంట. నువ్వూ తాతా ఆఫ్రికాలో యెట్ట నేర్చుకున్నారో చెప్పు."

యెట్ట నేర్చుకున్నామా. కూచో మే, ఆ కుర్చీ కాలు ఊగతా ఉండాది, మంచం మీద కూచో. మీ తాత కొండాపురం మీటింగుకు పొయ్యుండాడు గాబట్టి సరిపొయ్యింది. ఆయనుంటే నన్ను చెప్పనిస్తాడా. ఆయన చెప్తే సాక్ష్యం, నేను చెప్తే సాడీలంట.

ముందర మా అమ్మ సంగతి చెప్పాల. నువ్వు ఆమెను చూళ్ళే. మీ అవ్వ ఉండాదే, అదే మా చెల్లెలు, దానికి మా అమ్మ మొహం వచ్చింది గాని నోరు రాలే. మాది ఉదయగిరి పక్కన చెరువు కింద పల్లె. నాయన చెరువులో వలేస్తే, అమ్మ ఆ చేపలు గంపలో యేసుకోని ఆత్మకూరు బస్సెక్కేది. అప్పుడు చార్జి రూపాయిన్నరో యెంతో... కాదు, రూపాయిన్నర నాకు పెళ్ళైనాక, అంతకుముందు ఇంకా తక్కువ. గంపకు వేరే టికెట్టు కొట్టాలని కండక్టరంటే, "నా గంపేమన్నా సీట్లో కూచునిందా నాయనా, కిందనే గదా ఉండాది" అనేది. వాడు నవ్వి వదిలేసేవాడు. అట్టాంటి నోరు. ఆ నోటికే ఆత్మకూరులో గిరాకీ, చేపలకు కాదు.

నన్ను దేవసహాయానికిచ్చినారు, అదే మీ తాతకు. ఆయన బైబిల్ స్కూల్లో చదివొచ్చినాడు. గ్రంథం భాషలో ప్రార్థన పెట్టినాడంటే మా పల్లె ముసిలోళ్ళు సగంమంది నిద్రపొయ్యేవాళ్ళు, సగంమంది ఏడ్చేవాళ్ళు. ఆయన ఏడ్చినోళ్ళనే చూసుకునేవాడు. వీళ్ళను ఇంత కదిలించినాను గదా, ఇంక దేశాలన్నీ కదిలిస్తా అనుకోని మద్రాసులో ఒక మిషన్ ఆఫీసుకు అర్జీ పెట్టినాడు. వాళ్ళు టాంజానియా అన్నారు. ఆడ స్వాహిలి అని భాష. ముందర అది నేర్చుకోవాల, దానికొక స్కూలుండాది, పెళ్ళాం బిడ్డల్తో వచ్చి ఆడే ఉండి నేర్చుకోవాలన్నారు. మా బిడ్డ గ్రేసి అప్పటికి నాలుగేళ్ళ పిల్ల.

చర్చిలో దండలేసినారు, ఫోటో తీసినారు. మా అమ్మ మాత్రం పొయ్యేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "తెలుగొచ్చినోళ్ళే నీ మొగుడి ప్రసంగం అర్థంగాక బయటికొచ్చి బీడీ తాగతా ఉండారే, తెలుగు రానోళ్ళకు ఏం జెప్తాడే" అనింది. నేను నవ్వలే. నవ్వితే ఆయన చూస్తాడని.

పొయ్యినాం. ఊరు బాగుండాది మే, అబద్ధమెందుకు. కొండ మీద, యెర్రమట్టి, యాడ చూసినా అరటి తోటలే. రేకుల ఇండ్లు వరసగా కట్టి, ఒక్కో ఇంట్లో ఒక్కో దేశం వాళ్ళను పెట్టినారు. ఆ స్కూలుకు పెద్ద ఒక తెల్ల దొరసాని. యెవురు యేం మాట్టాడినా చప్పట్లు కొడతాది. తప్పు మాట్టాడినా కొడతాది, దగ్గినా కొడతాది. నేను ఆమెకు చప్పట్ల దొరసాని అని పేరు పెట్టుకున్నా.

ఆమె చెప్పిందేందంటే, పసిపిల్లోళ్ళు నేర్చుకున్నట్టు నేర్చుకోవాల. సొంత భాష నోట్లో ఉంటే కొత్తది దూరదంట. అందుకని కోర్సు అయ్యేదాకా ఇంట్లో కూడా స్వాహిలే మాట్టాడాల, సొంత భాష యెత్తకూడదు. మిగతా ఇండ్లోళ్ళు తలూపి వచ్చినారు, తలుపేసుకోని వాళ్ళ భాష వాళ్ళు మాట్టాడుకున్నారు. మాయన ఒక్కడే దాన్ని పదకొండో ఆజ్ఞ చేసుకున్నాడు. గ్రేసిని కాపలా పెట్టినాడు. నేను సెయ్యి కాలి "అబ్బా" అన్నా, ఆ పిల్ల పరిగెత్తి పొయ్యి వాళ్ళ నాయనకు చెప్పేది.

ఇంక చూడు నా కాపరం. ఆ భాషలో అమ్మను "మామా" అంటారు, బిడ్డలున్న ఆడదాన్ని గూడా అట్టే పిలస్తారు. నేను మామా గ్రేసి. ఉదయగిరిలో మామ అంటే మీసాలుండాల, ఆడ నేనే మామనైనా. కోడిని "కుకు" అంటారు. మొదటిసారి సంతకు పోతే ఒకాయన "కుకు, కుకు" అని అరస్తా ఉండాడు. ఇదేంది దేవుడా, కుక్కను అమ్మతా ఉండారే, తింటారో యేమో అని, గ్రేసిని చంకనేసుకోని ఇంటికొచ్చేసినా. ఆ పొద్దు మా ఇంట్లో కూరే లేదు.

ఇది నవ్వుకునేదిలే. నవ్వు రాంది ఇంకోటుండాది. మొగుడూ పెళ్ళాం అన్నాక పోట్లాడుకోవాల గదా. దేంతో పోట్లాడాల. పాఠంలో నేర్పించిన మాటలుండాయి: నీళ్ళు, అరటిపండు, మంచి, చెడ్డ, ఇది యేంది, అది యేంది. ఒకనాడు ఆయన నాకు మాటైనా చెప్పకుండా దొరసానిని, ఇంకో నలుగురిని అన్నానికి పిలుచుకోనొచ్చినాడు. ఇంట్లో చూస్తే పిడికెడు బియ్యం. నాకు వొళ్ళు మండిపొయ్యింది. తెలుగైతే నీకు తెలుసు, మా అమ్మ కూతుర్ని. నోరు తెరిస్తే తెలుగు రాకూడదు. ఆఖరికి యేమన్నానంటే, "వేవే ని న్డీజి మ్బాయా" అన్నా. అంటే, నువ్వు చెడ్డ అరటిపండువి.

ఆయన యేమన్నాడో తెలుసునా. నిదానంగా, పుస్తకంలో ఉన్నట్టు, "కాదు, నేను పంతులు" అన్నాడు, స్వాహిలిలో.

దొరసాని చప్పట్లు కొట్టింది. వాక్యం సానా బాగుండాదంట.

అప్పుట్నుంచి ఇంట్లో మాటలు తగ్గిపొయ్యినాయి. యేముండాది మాట్టాడేదానికి. పొద్దన్నే లేస్తే "ఇది యేంది", "ఇది చెంబు". మా అమ్మ యెట్టుండాదో, చెరువులో నీళ్ళొచ్చినాయో లేదో, అట్టాంటివి అడిగేదానికి ఆ భాషలో నాకు మాటల్లేవు. ఆయన బాగానే ఉన్నాడు. పరీక్షలో ఫస్టు. బయట చుట్టుపక్కల ఆడోళ్ళు మమ్మల్ని చూసి పక్కకు పొయ్యేవాళ్ళు. తర్వాత తెలిసింది, వాళ్ళు మమ్మల్ని చూసి విసుక్కున్నారంట. చెట్టు చూపించి ఇది యేంది, గిన్నె చూపించి ఇది యేంది అని దినామూ అడిగేవాళ్ళతో యెవురు సావాసం చేస్తారు చెప్పు.

ఒకనాడు మధ్యాన్నం, నేను వాకిట్లో కూచోని ఆకుకూర తరుగుతా ఉండా. ఆ వారం మా పాఠం మేక పాఠం. మేక తినింది, మేక పారిపొయ్యింది, మేక సచ్చింది, "మ్బుజి అమెకుఫా". ఆయన స్కూలు ఆఫీసు నుంచి వచ్చినాడు. నా యెదురుగా నిలబడినాడు. "మామా యాకో అమెకుఫా" అన్నాడు.

నేను పాఠం అప్పజెప్తా ఉండాడనుకున్నా మే. దినామూ అంతేగదా. నేను తలెత్తలే. "సావా" అన్నా. ఆ భాషలో సావా అంటే సరే అని. అని, ఆకు తరుక్కుంటా ఉండా.

ఆయన కదల్లే. మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పుడు తలెత్తి చూస్తే గడ్డం వణకతా ఉండాది. అప్పుడు చెప్పినాడు, తెలుగులో. "రూతమ్మా, మీ అమ్మ పొయ్యిందంట. మద్రాసోళ్ళు ఫోన్ చేసినారు."

మేక సచ్చింది అని చెప్పినట్టు చెప్పినాడు మే. మా అమ్మ సావును.

ఇంక నాకు రూలు లేదు, గీలు లేదు. ఆ యెర్రమట్టిలో పడి మన పక్క ఆడోళ్ళు యెట్ట ఏడస్తారో అట్ట ఏడ్చినా. గంప యెత్తుకోని బస్సెక్కేదానివి, నన్ను బస్సెక్కించి నువ్వు పొయ్యినావా, ఆ నోరు యెవురికిచ్చిపొయ్యినావు అని, ఒక్కోటి తలుచుకోని ఏడ్చినా. మీ తాత పక్కన కూలబడినాడు, ఆయన కూడా ఏడ్చినాడు, అది ఒప్పుకోవాల. తెలుగులోనే ఏడ్చినాడు.

ఆ ఏడుపు విని, అంతకాలం పక్కకు పొయ్యిన ఆడోళ్ళంతా మా వాకిట్లోకి వచ్చేసినారు. యెదురింటామె మామా నేమా అని, పెద్ద మనిషి, ఆమె ముందర వచ్చి పొయ్యి ఆర్పింది. ఒకామె గ్రేసిని యెత్తుకోని పొయ్యింది. మిగతావాళ్ళు చాపలేసుకోని నా చుట్టూ కూచున్నారు. ఒక్కొక్కరే నా సెయ్యి పట్టుకోని "పోలే మామా, పోలే సానా" అన్నారు.

నీకు తెలుసునా ఆ మాట. అయ్యో పాపం, నీ కష్టం మా కష్టం అని దానర్థం. మాకింకా ఆ పాఠం రాలే. నా చెవికి అది మన మాట. మనం అంటామే, నేను ఆడికి పోలే, వాడు బడికి పోలే. వాళ్ళంతా చుట్టూ కూచోని పోలే, పోలే అంటా ఉంటే, నాకు పిచ్చి పట్టినట్టయింది. మామా నేమా మొహం పట్టుకోని "పోలేదా, మా అమ్మ పోలేదా" అని తెలుగులో అడిగినా. ఆమె నా తల రొమ్ముకానించుకోని, "పోలే" అనింది.

అట్టనే మూడునాళ్ళు ఉండారు. జొన్నపిండో మొక్కజొన్నపిండో, ఉడకబెట్టి సంగటి మాదిరి తెచ్చి పెట్టేవాళ్ళు. అమ్మను చూసేదానికి నేను రాలే. యెట్టొస్తాం, పల్లెలో గోరీ మీద మట్టి కూడా ఆరిపొయ్యుంటాది. కానీ ఆ తర్వాత వాళ్ళ వాకిళ్ళకు నేను పొయ్యినా. ఒకామెకు కానుపైతే పొయ్యినా, ఒకామె మొగుడు కొడితే పొయ్యినా. పోతాపోతా మాటలొచ్చినాయి. బూతులు కూడా వచ్చినాయి, అవి నీకు చెప్పనులే.

ఇది ఇక్కడితో ఆగిపొయ్యుంటే బాగుండు. దొరసాని ఒకనాడు ప్రార్థనలో నిలబడి, మామా గ్రేసికి దేవుడు నోరు తెరిచినాడు అని చెప్పింది. నా నోరు యెప్పుడు మూసుకోనుండింది మే, వీళ్ళు గదా మూయించినారు. మీ తాత ఆ మాట పట్టుకున్నాడు. ఆడ కొన్నేండ్లు పని చేసి తిరిగొచ్చినాక, నెల్లూరు జిల్లాలో మీటింగు యాడ పెట్టినా అదే సాక్ష్యం. చేజర్లలో చెప్పినాడు, కొండాపురంలో చెప్పినాడు. "మా అత్తగారి మరణము ద్వారా దేవుడు నా భార్యకు అన్యభాషను అనుగ్రహించెను." జనం స్తోత్రం అనేవాళ్ళు. నేను ఆడోళ్ళ పక్క కూచోని మా అమ్మ సావుకు స్తోత్రం వినేదాన్ని. మేక మాట మాత్రం ఆయన యెప్పుడూ చెప్పలే.

ఆత్మకూరులో ఒకసారి పెద్ద మీటింగు. అమ్మ చేపలమ్మిన ఊరు. ముందు వరసలో కూచున్న ముసలమ్మలకు మా అమ్మ తెలుసు. ఆయన మళ్ళీ అదే చెప్పినాడు. అయినాక, అమ్మగారు కూడా రెండు మాటలు చెప్తారని నాకు మైకిచ్చినారు.

"అయ్యగారు ఒక మాట మర్చిపొయ్యినారు" అన్నా. మేక పాఠం చెప్పినా. నేను సరే అన్నది చెప్పినా. అంతే, కూచున్నా.

యెవురూ స్తోత్రం అనలే. ముందు వరసలో ఒక ముసలామె పక్కనామెను అడిగింది, అందరికీ వినబడేట్టు, "మేక సచ్చినట్టు చెప్పినాడా, చేపల రాహేలమ్మను" అని. మీ తాత అద్దాలు తీసి తుడుచుకుంటా ఉండాడు, యెంతసేపటికీ తుడుస్తానే ఉండాడు.

ఇద్దరం ఉదయగిరి బస్సెక్కినాం. నేనైతే తిడతాడనే సిద్ధంగా ఉన్నా, ఈసారి నాకు అన్ని మాటలూ ఉండాయి గదా. సగం దోవ వచ్చినాక ఆయన కిటికీ పక్క చూస్తా అన్నాడు, "ఆ పొద్దు నాకు భయమైంది రూతమ్మా. తెలుగులో చెప్తే నిజమైపోతాదనిపించింది. ఆ భాషలోనైతే పాఠం మాదిరి ఉంటాదని..." అని ఆగిపొయ్యినాడు.

అన్నేండ్లు నేను ఆయన రూలు కోసం ఆ మాట స్వాహిలిలో అన్నాడనుకున్నా. ఆ మాట అయినా ముందరే చెప్పుంటే ఆత్మకూరు నడిబజారులో పరువు పోకుండా ఉండును గదా ఆ మనిషికి. మొగోళ్ళు అంతే, వేదిక మీద అన్నీ చెప్తారు, ఇంట్లో చెప్పాల్సింది బస్సులో చెప్తారు.

అప్పుట్నుంచి ఆ సాక్ష్యం మానుకున్నాడు. ఇప్పుడు ఆఫ్రికాలో దేవుడు తనను కొండచిలువ నుంచి కాపాడినాడని సాక్ష్యం చెప్తా ఉండాడు. ఈ పొద్దు కొండాపురంలో కూడా అదే అయ్యుంటాది. ఆ ఊళ్ళో కొండచిలువను నేనెన్నడూ చూళ్ళే. పోన్లే అనుకున్నా. కొండచిలువకు ఈడ కూతుర్లేదు గదా, నొచ్చుకునేదానికి.

నువ్వేంది మే కండ్లు తుడుచుకుంటా ఉండావు. నిన్ను ఏడిపించేదానికి చెప్పలే. మీ ఆయన మంచోడే, మీ తాత కంటే మెత్తనోడు. ఆడ యెవురన్నా తెలుగు మాట్టాడొద్దంటే, అట్టాగే అని తలూపి ఇంటికొచ్చి తలుపేసుకో. పోట్లాడాల్సొస్తే మన భాషలోనే పోట్లాడు, యేడ్వాల్సొస్తే మన భాషలోనే యేడువు. మిగతాదంతా వాళ్ళ భాషలో నేర్చుకో, బాగా నేర్చుకో.

రా, ఇట్టా దగ్గరికి రా, తల మీద సెయ్యి పెడతా. సల్లంగా పొయ్యి సల్లంగా ఉండండి. ఆ ఊరి ఆడోళ్ళు మొదటిసారి మీ వాకిలి తొక్కేది నీకు పుట్టబొయ్యే బిడ్డకు నీళ్ళు పొయ్యను రావాల తల్లీ, ఇంక దేనికీ గాకుండా... అంతే, అంతకంటే నాకు ప్రార్థన చేసేది రాదు, అది మీ తాతది...