పుర్రచేతి తీగలు

మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో చిన్న గిటార్‌లాంటి యుకెలేలే నేర్చుకోవడానికి వచ్చినవాళ్లంతా టీకి లేచారు. ఒక్క పెద్దాయన మాత్రం కదల్లేదు. నేర్పే అమ్మాయి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"అంకుల్, మీ తీగలు తిరగేసి కట్టారు. అందుకే అందరితో కలవడం లేదు. ఇటివ్వండి, మార్చేస్తాను."

"వద్దు మేడం. మా బిడ్డ కట్టుకున్నది. ఆమెది పుర్రచేతి వాటం."

"అయితే తననే పంపాల్సింది కదా."

"పేరు ఆమెనే రాయించుకున్నది. వారం తిరగకముందే చేవెళ్ల రోడ్డు మీద లారీ గుద్దింది. దవాఖాన దాక గూడ బతకలె."

పొద్దున హాజరుకు పేర్లు చదువుతూ తాను "అరుణశ్రీ" అని పిలిస్తే ఈయన చెయ్యెత్తడం, అందరితోపాటు తానూ నవ్వడం ఆమెకు గుర్తొచ్చాయి.

"క్షమించండి అంకుల్. తెలియక నవ్వాం."

"నవ్వితే ఏమాయె తల్లీ. ఇంట్ల ఆ పేరెత్తితె వాళ్లమ్మ పానం ఆగమైతదని ఎవ్వరం పిలుస్తలేం. ఈడ పిలుస్తరని వచ్చిన."

ఆమె యుకెలేలేను ఆయన ఒళ్లోనే మెల్లగా రెండోవైపుకు తిప్పింది.

"ఎడమచేతి వాళ్లు ఇలా పట్టుకుంటారు. తీగలు మార్చక్కర్లేదు. ఈ చేత్తో మీటండి."

ఆయన మీటాడు. పొద్దుటినుంచి పలకని స్వరం సరిగ్గా పలికింది. అది ఆగేదాకా ఆయన తల ఎత్తలేదు.

"మధ్యాహ్నం గూడ పేర్లు పిలుస్తరా తల్లీ?"

మధ్యాహ్నం పిలిచే అలవాటు ఆమెకు లేదు.

"పిలుస్తాను అంకుల్."