శ్రీరంగప్ప గారి సోలార్ పందిరి

1974 జూన్ 17వ తేదీ సోమవారం ఉదయం బత్తలపల్లె దగ్గరి మా ప్రయోగ క్షేత్రంలో సహాయకులుగా చేరిన శ్రీ శ్రీరంగప్ప గారు, దాదాపు ముప్పై నాలుగేండ్ల నిరంతర సేవానంతరం ఈ 2008 ఏప్రిల్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్నారు. వేరుశనగ విత్తనాల పరీక్షతో మొదలై, 1988లో నర్సరీ పర్యవేక్షకులై, ఆపైన ఇంకొక్క మెట్టు కూడా ఎక్కకుండానే సెలవు తీసుకుంటున్న ఆ పెద్దమనిషిని గురించి, ఆయన చేతి కింద పనిచేసిన కదిరమ్మ రాసుకుంటున్న మాటలివి.

2001లో ఆయన టమోటాకు చుట్టూ మూసిన ప్లాస్టిక్ పందిరి కట్టించి, దాని కప్పు మీద సోలార్ పలకలు పరిపించినారు. మొక్కకు కొంత నీడ, కొంత వెలుగు అందేలా పలకల నడుమ సందులు విడిచి, ఆ కరెంటుతోనే లోపలి ఫ్యాన్లూ డ్రిప్పు మోటారూ తిరిగేలా అమర్చినారు.

చూడవచ్చిన రైతు పెద్దన్న నవ్వినాడు. "ఏమప్పా సారూ, ఎండను ఆపేదానికి పందిరేసి, మళ్లా ఆ ఎండతోనే ఫ్యాన్లు తిప్పుతావా?"

"మనకాడ కరువు లేనిది అదొక్కటే గదన్నా!" అన్నారు సారు.

మరుసటేడు ఏప్రిల్‌లో, పై అధికారులు ఆ పందిరిని చూడవచ్చేదానికి నాలుగు దినాల ముందు, శనివారం సాయంత్రం మబ్బు కమ్మింది. సారు పెండ్లికని తాడిపత్రికి పోయినారు. ప్రతిదానికీ గుండె గుబగుబలాడే కదిరమ్మకు, వడగండ్లు పడి పలకలు పగిలిపోతాయని భయం పట్టుకున్నది. నిచ్చెనేసుకుని ఎక్కి, పలకలన్నిటికీ గోనెపట్టలు కప్పి, తాళ్లతో బిగించి ఇంటికి పోయింది.

వడగండ్లు పడలేదు. ఆదివారం ఎండ మండిపోయింది. కూతురు హేమలతకు జ్వరం కాస్తాండాదని కదిరమ్మ ఆ దినం గడప దాటలేదు. పలకలకు ఎండ తగలక ఫ్యాన్లు తిరగలేదు, నీళ్లు పారలేదు. సోమవారం తలుపు తీసేసరికి పూత మీదున్న పదకొండు వందల మొక్కలు ఉడికినట్టు వాలిపోయి ఉన్నాయి.

"కప్పమని చెప్పింది నేనే" అని ఊరినుంచి వచ్చిన సారు పై అధికారులకు కాగితం రాసిచ్చినారు. కదిరమ్మ ఏడ్చింది. "నిజం చెప్తా సార్."

"చెప్తే నీ పని పోతాది. నీ పాప చదువు ఆగితే నాకేమొస్తాదమ్మా? గమ్మునుండు."

గమ్మునే ఉండిపోయింది, ఆరేండ్లు. ఈ పద్ధతి జిల్లాకు పనికిరాదని తీర్మానమైంది, పలకలు ఊడదీసినారు, సారుకు రావలసిన పదోన్నతి రాలేదు. ఇప్పుడు హేమలత పంతులమ్మ అయింది. ఇది రాస్తానంటే సారు పోయిన వారం విసుక్కున్నారు.

"ఇప్పుడెందుకులే కదిరమ్మా? ఆ మొక్కలు లేచొస్తాయా?"

"మొక్కలు రావు సార్. మీ పేరన్నా రానీండి."

అందుకే అందరి ఎదుట ఈ రాత. ఆయన పద్ధతిలో లోపం లేదు, పైన గోనెపట్టలు ఉన్నాయి.

సొంత చేనులో నాలుగు పలకలతో మళ్లా పందిరి వేస్తానంటున్న శ్రీరంగప్ప గారు, ఎండపూట బండెక్కకుండా, బీపీ మాత్ర మరువకుండా, భార్య ఇంద్రాణమ్మ గారితో కలిసి ఆ పందిరి కింద ఏండ్ల తరబడి కాయలు కోసుకునేంత నిండు ఆరోగ్యాన్నీ ఆయుష్షునూ పొందవలెనని వేడుకోలు. ఎంత మబ్బు కమ్మినా సరే, కదిరమ్మ ఆ నిచ్చెన ముట్టదు.