గోటికి చెరగని ఎరుపు

1991 జూన్ మూడవ తేదీ ఉదయం మన లేబుల్ ప్రింటర్ రిబ్బన్ల కర్మాగారంలో మైనం కరిగించే గదిలోకి సహాయకులుగా అడుగుపెట్టి, మనందరికీ పని నేర్పిన మాస్టారు, ఈ నెలాఖరున రంగుల పూత విభాగాధిపతిగా సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. తొలిరోజే మైనం మీద కాలు జారి పడ్డారనీ, లేచి "నేల భలే నున్నగా ఉందే!" అని మెచ్చుకున్నారనీ ప్రతీతి.

తొలి దశాబ్దమంతా నలుపే. వెంట్రుక కన్నా పల్చని ఫిల్ము మీద మైనపు ఇంకు పూయడం, ప్రింటర్ హెడ్ వేడికి అది కరిగి లేబుల్ మీద అక్షరమై నిలవడం అనే విద్యలో ఆరితేరిన పిమ్మట వారి మనసు ఎరుపు మీదికి మళ్లింది. మైనం మెత్తనైతే అక్షరం గోటికి చెరిగేది, గట్టిదైతే అసలు అంటేదే కాదు. ఆ ప్రయోగాలలో వారి చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి. "మీరు వెళ్లేది ఫ్యాక్టరీకా, మాంసం కొట్టుకా?" అని శ్రీమతి గారు నిలదీసేవారు.

ఎట్టకేలకు ఎరుపు కుదిరింది. ఎర్ర రిబ్బన్లు కొనదలచిన మందుల కంపెనీ అధికారిణి పరీక్షకు విచ్చేశారు. ఆవిడ కాదంటే రంగుల విభాగం మూతబడుతుందని యాజమాన్యం ముందే తేల్చి చెప్పింది. రిబ్బన్‌కు టేపు అంటించి లాగి, రంగు ఊడివచ్చిన వైపునే లేబుల్ మీదికి తిప్పి ఎక్కించాలని అందరికీ నేర్పినది మాస్టారే. ఆనాడు ఉత్సాహం పట్టలేక ఆ టేపు సంగతే మరిచి, స్వహస్తాలతో రిబ్బన్ చుట్టను ప్రింటర్‌కు ఎక్కించారు.

లేబుల్ తెల్లగా వచ్చింది. రెండోదీ అంతే.

"ఎరుపు ఏదండీ?" అంటూ ఆవిడ సంచీ అందుకున్నారు.

మాస్టారు ప్రింటర్ మూత ఎత్తారు. హెడ్ అంతా ఎర్రగా ముద్దకట్టి ఉంది. "ఇదిగోనమ్మా, ఇక్కడ దాక్కుంది! తిరగేసి పెట్టాను. రంగు మంచిదే, నా బుర్రే తిరగబడింది!"

ఆవిడ పకపకా నవ్వి సంచీ కింద పెట్టేశారు. హెడ్ తుడిచి, చుట్ట తిప్పి ఎక్కించగానే ఎర్రెర్రని అక్షరాలు బయటికొచ్చాయి. ఆవిడ గోటితో గీకారు. చెరగలేదు. మళ్లీ గట్టిగా గీకారు.

"నా గోరే అరిగేలా ఉంది. ఎప్పటికి పంపగలరు?"

గదంతా ఒక్కసారిగా కేకలతో మారుమోగింది.

ఆ సాయంత్రం మన యంత్రం నడిపే కుర్రాడొకడు అదే ఎరుపుతో "ఈ వైపు బయటికి" అని అచ్చువేసి మాస్టారి వీపుకు అంటించాడు. బస్సు నిండా జనం చదువుకున్నాక ఇంట్లో శ్రీమతి గారు చూసి, సంగతంతా చెప్పించుకున్నారు.

"ఏమండీ, నేను మిమ్మల్ని కూడా తిరగేసి పెడతానని భయపడ్డారా వాళ్లు?"

దాన్ని ఊడదీసి బీరువా తలుపుకు అంటించుకున్నారామె. ఇన్నేళ్లుగా తుడుస్తున్నా ఒక్క అక్షరమూ పోలేదట!

నేడు ఏడు రంగులతో కళకళలాడుతున్న విభాగాన్ని మనకప్పగించి వెళ్తున్న మాస్టారి ఆరోగ్యం ఆ ఎరుపులాగే ఏ గీకుడుకూ చెక్కుచెదరక, వారు సతీసమేతంగా నిండు నూరేళ్లు నవ్వుతూ వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. సభ ముగిశాక మాత్రం మాస్టారు వీపు తడుముకోవద్దని మనవి. అక్కడున్నది శ్రీమతి గారే చదవాలి.