ఆప్షన్ సి

గుడివాడ బస్సులో నా ముందు సీట్లో భార్యాభర్తలు. ఒకేసారి మూడు ఐటీ సర్టిఫికేషన్లకి చదువుతున్న ఆయన కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఆవిడ ఫోన్ చూసి ప్రశ్నలు చదువుతోంది.

"తర్వాతిది చదువు."

"భార్యకి అవనిగడ్డ స్కూలుకి ట్రాన్స్‌ఫర్ అయింది. భర్త ఏం చేయాలి? ఎ, తనూ వెళ్ళాలి. బి, ఆదివారాలు వెళ్ళి రావాలి. సి, బ్యాకప్ పెట్టుకోవాలి."

"ఇది క్లౌడ్ పేపరా, సెక్యూరిటీదా?"

"మూడింటికీ కామనేనండి."

"అయితే సి. బ్యాకప్ అని ఉంటే ఇంక మిగతావి చూడక్కర్లేదన్నారు మా కోచింగ్‌లో."

"ఖాయమేనా?"

"కళ్ళు మూసుకుని పెట్టేయొచ్చు."

"సరే. సోమవారం నేను అవనిగడ్డలో జాయినవుతున్నాను. వంట మీ బ్యాకప్‌తో చేయించుకోండి."

"ఆన్సర్ రైటేగా? తర్వాతిది చదువు."