చిట్టికి ఇచ్చిన పావు గోలి

“తాతగారూ, పిల్లికి ఒక్క టాబ్లెట్ ఇవ్వమంటే పొద్దున్నే అంత గట్టిగా అరిచారేంటండీ?”

అరిచిన్నా? అరిచిన, నిజమే. గని కోపం నీ మీద కాదు బిడ్డా. కూసో గీడ, ఈ మెట్టు మీద. బుట్ట ఎండల పెట్టకు, ఇటు నీడకు జరుపు. పైన బట్ట జర వదులు చెయ్యి, లోపట పిల్లికి గాలాడాలె. తొమ్మిదిన్నర సుత కాలె ఇంకా. డాక్టర్ పదింటికి గని రాడు, షట్టర్ మీద రాసున్నది సూడు. లాలాగూడ నుంచి తార్నాకకు ఆటోల ఎంతసేపు? నేనే తొందరపెట్టి నిన్ను ముందుగాల్నే తీస్కొచ్చిన. ఇంట్ల కూసోబుద్ధి కాలె నాకు.

ఏడు నెలలాయె నువ్వు మా మీది రూముల కిరాయికి దిగి. ఎన్నడన్న నిన్ను ఒక్క మాట అన్ననా? అనలె. మరి ఇయ్యాల ఎందుకన్ననంటే... ఎట్ల చెప్పాలె నీకు. ఇదే క్లినిక్ ఇది. ఆరేండ్ల కింద ఈ మెట్లు దిగి పోయిన, మల్ల ఇయ్యాల్నే వచ్చుడు. ఆటో ఇటు మలుపుతుంటె కండ్లు మూసుకున్న నేను. నువ్వు పిల్లి దిక్కే చూస్తున్నవ్, నన్ను చూడలె.

నువ్వు తాతగారూ అంటవ్ గని, బస్తీల అందరు నన్ను కంపౌండర్ నర్సన్న అనే అంటరు. ముప్పై... ఆగు, ముప్పై కాదు, ముప్పై రెండేండ్లు యూనివర్సిటీ క్యాంపస్ దవాఖానల చేసిన. హాస్టల్ పిల్లలు, ప్రొఫెసర్లు, మెస్సుల వండేటోళ్లు, అందరికి నా చేతి సూదే. నర్సన్న సూది ఏస్తె చీమ కుట్టినట్టు సుత ఉండదనేటోళ్లు. డాక్టర్ చీటీ రాస్తడు, గోలి నేనిస్త, తగ్గితె పేరు నాకొస్తది. హస్తవాసి అంటరు సూడు, గది నాకున్నదని పేరు పడ్డది. రిటైరైనంక పొద్దుగాల క్యాంపస్‌ల నడవనీకి పోతె పెద్ద పెద్ద ప్రొఫెసర్లు “ఏం డాక్టర్ సాబ్, బాగున్నరా” అని పలకరిచ్చేటోళ్లు. నా చదువెంత? పదో తరగతి, దాని మీద ఒక సర్టిఫికెట్. గని పదిమంది డాక్టర్ సాబ్ అంటుంటె, ఉండంగ ఉండంగ మనకు సుత గట్లనే అనిపిస్తది.

మా ఇంట్ల ముందుకెల్లి ఉన్నది ఈ రోగం. మాది భువనగిరి దిక్కు. మా మేనమామ ఒకాయన ఉండె, పశువులకు వాతలు పెట్టుడుల పేరున్నోడు. బర్రె మేస్తలేదంటె వాత, ఎద్దు కుంటుతున్నదంటె వాత. కడుపుబ్బినా గదే, కాలు బెణికినా గదే. ఆయన కొడవలి కాల్చుకొని వస్తుంటె ఎద్దు చూసి తాడు తెంపుకునేది. ఊరంత దండం పెట్టేది ఆయనకు. నేను పట్నమొచ్చి నాలుగు మందుల పేర్లు నేర్చుకున్నంక, మామను చూసి నవ్వేటోన్ని. “ఏంది మామా, అన్నిటికి ఒక్కటే మందా” అని. అప్పటి బస్సు కిరాయిలు, అప్పటి పండ్ల ధరలు చెప్తె నువ్వు నమ్మవు, ఇయ్యాల ఆటోకు ఇచ్చిన పైసలతోని... సరే, అది కాదు. ఏదో చెప్పబోయి ఏదో చెప్తున్న.

చిట్టి. చిట్టి సంగతి చెప్పాలె నీకు. మా ఇంటామె ఈశ్వరమ్మ ఉండె గద, నువ్వు చూడలె, నువ్వొచ్చేటాల్లకే పోయింది, గోడ మీది ఫోటోల చూసినవ్. మాకు పిల్లలు కాలె. దాని గురించి ఆమె ఎన్నడు నా ముంగట ఏడ్వలె గని, నోరు లేని జీవమంటె ఆమెకు పానం. నాతోని క్యాంపస్‌లకు నడకకొస్తె నడుచుడు తక్కువ, పిల్లి కూనలకు పాలు పోసుడు ఎక్కువ. లైబ్రరీ వెనుక ఒకటి దొరికింది, పిడికెడంత, ఎర్రగ ఉండె. కొంగుల ఏస్కొని ఇంటికి తెచ్చింది. నేను మస్తు లొల్లి చేసిన, ఇల్లంత ఎంటికలైతయ్ అని. వారం దినాలు తిరగలె, నా చెప్పుల మీద పండుడు షురూ చేసింది. నేను చెప్పులేస్కోనీకి వచ్చేదాక లెవ్వది. ఇగ ఏమంట దాన్ని? మూడేండ్లు పెంచినం.

ఒకపారి, వానలు పడ్డ దినాలు, చిట్టి తింటలేదు. తుమ్ముతున్నది, చెవులు ముట్టుకుంటె కాలుతున్నయ్. నీ పిల్లి లెక్కనే. “ఏమయ్యా, తార్నాకల జంతువుల డాక్టర్ ఉన్నడంట, చూపిద్దాం పా” అన్నది ఈశ్వరమ్మ. నేనేమన్న తెలుసా? “ఇంతమంది మనుషులకు తగ్గించిన, పిల్లికి తగ్గించనా” అన్న. నవ్వుకుంట అన్న. డబ్బాలకెల్లి జ్వరం గోలి తీసిన, పారాసిటమాల్, నువ్వు పొద్దున అడిగిందే. బ్లేడుతోని పావు ముక్క కోసిన. చిన్న పిల్లలకు లెక్కగట్టినట్టు బరువు చూసి లెక్కగట్టిన. ఆమె వంటింట్ల ఉండె, చూడలె, నేను ఉత్తగనే నవ్వులాటకన్న అనుకున్నది. చిట్టి నోరు తెరిచి, నాలుక మీద పెట్టి, గొంతు నిమిరితె మింగింది. నా వేలు నాకింది గూడ. మధ్యాహ్నం ఇంకో పావు ఇచ్చిన.

గది విషం బిడ్డా పిల్లికి. మనకు అరిగే మందు దానికి అరగది, రక్తం ఖరాబ్ చేస్తది. పసిపిల్లకు లెక్కగట్టినట్టు గట్టిన సూడు, ఆడనే తప్పు. పిల్లి అంటె చిన్న మనిషి కాదు, దాని ఒళ్లు వేరే. కుక్కకు పడేది సుత దానికి పడాలని లేదు. ఒక్క ఫోన్ చేసి అడిగితె అయిపోతుండె. ఇయ్యాల డాక్టర్ మందు రాస్తె నువ్వు అడుగు, ఇది దేనికి సార్, ఎన్నిపూటలు, పడకపోతె ఏం కనబడ్తది అని అడుగు. సిగ్గుపడకు. టీకాల పుస్తకం తెచ్చినవా? తెచ్చినవ్ గద, మంచిగైంది.

నాలుగింటికి చిట్టి మొఖం ఉబ్బింది. ముందటి కాళ్లు ఉబ్బినయ్. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నది. పెదవి ఎత్తి చూస్తె చిగుళ్లకు ఎరుపు లేదు, కాఫీ రంగుకొచ్చినయ్. నేనిచ్చిన గోలే అని నాకు గప్పుడే సమజైంది. అబద్ధమెందుకు, గప్పుడే సమజైంది.

గీడికి ఉరికొచ్చినం. లోపట బెంచీల మీద నలుగురైదుగురున్నరు. క్యాంపస్ ప్రొఫెసర్ సాబ్ ఒకాయన కుక్కను పట్టుకొని కూసున్నడు. నన్ను చూడంగనే లేసి నిలబడ్డడు. “డాక్టర్ సాబ్, మీరు ముందు పోండి” అన్నడు. అందరు నా దిక్కు చూసిండ్రు. డాక్టర్ చిన్న వయసాయన. చిట్టి నోరు తెరిచి చూసిండు, మొఖం మారింది. “పెద్దాయనా, మనుషుల మందేమన్న ఇచ్చిండ్రా? జ్వరం గోలి గిట్ల? ఇచ్చుంటె చెప్పుండ్రి, భయపడకుండ్రి. దానికి విరుగుడు వేరే ఉన్నది, ఇప్పుడే ఎక్కిస్త” అన్నడు. గంత సాఫ్‌గ అడిగిండు.

ఒక దిక్కు ఈశ్వరమ్మ నా మొఖం చూస్తున్నది. తలుపు తెరిచే ఉన్నది, అవుతల ప్రొఫెసర్ సాబ్ ఇంటున్నడు.

“ఏం ఇయ్యలె” అన్న.

డాక్టర్ ఇంకోపారి అడిగిండు. “నేను కంపౌండర్‌ను సార్, నాకు తెల్వదా” అన్న. ఇగ ఆయన ఏం చేస్తడు? నమ్మిండు. ఏం తిన్నది అని ఈశ్వరమ్మను అడిగిండు. “నిన్నటి పాలు పోసిన సారూ పొద్దున” అని ఏడ్చింది ఆమె. ఏదో విషం లెక్కనే ఉన్నది గని ఏందో తెల్వకుంట విరుగుడు ఎట్లియ్యాలె అనుకుంట, సెలైన్ పెట్టి, ఊపిరికి ఏదో సూది ఏసి పంపిండు. ఆయన తప్పేం లేదు. ఆయన అడగాల్సింది అడిగిండు.

ఇంటికొచ్చి, చీటీ మీద నంబర్ చూసి, గల్లీలకు పోయి ఫోన్ చేసిన. ఎత్తిండు. “సార్, నేను ఆ పిల్లిని తెచ్చిన...” అన్న. “ఆఁ, చెప్పుండ్రి, ఎట్లున్నది?” అన్నడు. “అట్లనే ఉన్నది సార్” అని పెట్టేసిన. నాలుక మీది దాక వచ్చింది, మల్ల లోపటికే పోయింది. తెల్లారి పది కాకముందే చిట్టి ఈశ్వరమ్మ ఒళ్ల పానం ఇడిసింది.

“నా చెయ్యి మంచిది కాదయ్యా” అన్నది ఆమె. “మురిగిన పాలు పోసి చంపుకున్న” అన్నది. ఆ పాలు మురిగినయ్ కావు, నేను సుత గవే తాగిన ఛాయల. ఇగ ఆనాటి నుంచి క్యాంపస్‌ల పాలు పోసుడు బంద్ పెట్టింది. కూనలు కాళ్ల సుట్టు తిరుగుతె కుచ్చిళ్లు ఎత్తుకొని పక్కకు జరిగేది. పక్కనే నేను నడుస్తున్న. నీ పాలు కాదే, నా గోలి అని ఒక్క మాట అంటె అయిపోతుండె. నాలుగేండ్లు గట్లనే నడిసినం ఇద్దరం.

ఆఖరికి కిడ్నీలు ఖరాబై మంచం పట్టింది గద, అప్పుడు సుత అడిగింది. “ఏమయ్యా, చిట్టి ఆ పాలతోనే పోయిందంటవా?” అని. చెయ్యి పట్టుకొని అడిగింది. “ఇప్పుడు అవన్ని ఎందుకు, పండుకో” అన్న. ఐదో దినానికి ఆమె పోయింది. ఇగ ఎవరికి చెప్పాలె నేను?

ఇప్పటిదాక ఎవరికి చెప్పలె బిడ్డా, నీకే. గోలి ఇచ్చుడు తెల్వక చేసిన. గది ఎవరైన చేస్తరు. అడిగినప్పుడు చెప్పకపోవుడు మాత్రం తెలిసే చేసిన. అందుకే నువ్వు పొద్దున చెయ్యి చాపి గోలి అడగంగనే నాకు ఒళ్లు మండింది, నువ్వు...

ఏంది? ఏమైంది? ఎందుకేడుస్తున్నవ్? అయ్యో, నేనేదో ముసలోన్ని, మనసుల ఉన్నది చెప్పుకున్న. ఇటు చూడు. ఇటు చూడు బిడ్డా.

ఇచ్చినవా?

ఎప్పుడు? నన్ను అడగక ముందేనా? ఏడింటికా? నీ దగ్గర ఉన్న ముక్క ఇచ్చి, సాయంత్రానికి ఇంకోటి కావాల్నని కిందికొచ్చినవా? ఎంత ముక్క? సరిగ యాది చేస్కో. పావు. పావేనా? మరి అప్పుడే... అవునులే. నేను గంతగనం అరుస్తుంటె నువ్వెట్ల చెప్తవు. నోరు తెరవనియ్యలె నేను నిన్ను. దేవుడా, మల్ల నేనేనా.

లే. ఏడ్చుడు తర్వాత. బోర్డు మీద నంబరున్నది, కొట్టు. నీ ఫోన్‌ల నువ్వే కొట్టు. పారాసిటమాల్, పావు గోలి, పొద్దున ఏడింటికి. ఏ మందు, ఎంత, ఎప్పుడు, గంతే చెప్పు. ఎవలేమనుకుంటరని చూడకు. డాక్టర్ నన్ను గుర్తువడ్తె పట్టని, నేను నీ పక్కనే నిలబడ్త. ఎత్తిండా? చెప్పు, చెప్పు... గోలి పేరు చెప్పు...

వస్తున్నడా? ఐదు నిమిషాలల్లనా? సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగుండు. చెప్పినవ్ సూడు, గది చాలు. నీకున్న ధైర్యం నాకు లేకపాయె.

బట్ట తియ్యి. పెదవి మెల్లగ ఎత్తు, చిగుళ్లు చూడాలె. ఏ రంగున్నయ్? నా కండ్లల్ల నీళ్లున్నయ్, కనబడ్తలేదు నాకు. నువ్వు చూసి చెప్పు. ఎట్లుంటె అట్ల చెప్పు బిడ్డా...