కుళ్ళాయప్ప కట్టిన తల్లి ప్రోగ్రాము

ఆ ఎండాకాలం గుమ్మఘట్ట పంచాయతీకి గవర్నమెంటోళ్ళు ఒక ఆయిలింజను ఇచ్చారు. ఇంజను ఒక కంపెనీది, పంపు ఇంకో కంపెనీది, పైపులు ఎవరివో దేవుడికే తెలియాలి. బావి అడుగున మిగిలిన నీళ్ళు పైకి రావాలంటే ఈ మూడింటికీ పొత్తు కుదిర్చే మనిషి కావాలి. ఆ పని ఎవరికివ్వాలో తేల్చడానికి ప్రెసిడెంటు శ్రీరంగప్ప, ఇంజను తిప్పే హ్యాండిలు పక్కన పెట్టుకుని, నల్లమ్మ టీ అంగడి ముందు కూర్చున్నాడు.

ఆ పని తనదేనని కుళ్ళాయప్ప ఎప్పుడో తేల్చేసుకున్నాడు. బెంగుళూరులో కంప్యూటరు ఆఫీసులో ఎనిమిది నెలలు చేసి వచ్చినవాడికి ఇంజనొక లెక్కా? అక్కడ తరిమేశారని ఊళ్ళో కొందరు చెవులు కొరుక్కుంటున్నారు. వాళ్ళ నోళ్ళు ఈ పూట మూతపడాల్సిందే.

"గొప్పలు చెప్పుకునే మనిషిని కాదన్నా నేను. మొదట్లో అట్టల పెట్టెలు మోసినా, అంతే. కంప్యూటరు ఊరికే లేచి లెక్కలు చెయ్యదప్పా. నీకు అట్టలు చదివే పెట్టె ఒకటుండాది, టేపు తిప్పే బీరువాలు రెండుండాయి, అచ్చేసే మిషను ఒకటుండాది అని ముందు దానికి చెప్పల్ల. ఆ చెప్పేదే తల్లి ప్రోగ్రాము, అట్టల మీద ఎక్కించి పెడతారు. ఒక మిషనుకు కట్టింది ఇంగో మిషనుకు పనికిరాదు. ఒక దినం ఆఫీసరు తల పట్టుకోని కూర్చుంటే నేనే పోయి, బీరువాలు రెండైతే మూడని రాసినావు సార్, అన్నా. దిద్దినాడు, మిషను లేచింది."

"నీకు ఇంగ్లీషు వస్తాదా?" అన్నాడు ఆ పని కోసమే వచ్చి పక్కన కూర్చున్న లింగన్న.

"మిషనుకు రాదు కదప్పా, నాకెందుకు? ఆ తర్వాత ఏమైందో తెల్సునా? మద్రాసులో ఇంగో మిషను. టేపు ఒక దేశంది, అచ్చు ఇంగో దేశంది, అత్తాకోడళ్ళ మాదిరి ఒకదాని మాట ఒకటి వినదు. ఒక్క పూటలో తల్లి ప్రోగ్రాము కట్టి రెండింటినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టినా. ఆ మాట తెలిసి బొంబాయోళ్ళు విమానం పంపినారు. ఆడ కుట్టుమిషను, పిండిమర, అన్నీ ఒక్క ప్రోగ్రాముకే తగిలించినా. ఒకపక్క లెక్కలు, ఒకపక్క జాకెట్లు, ఒకపక్క రాగిపిండి వస్తానే ఉన్నాయి."

"జాకెట్లు ఎవరి కొలతకో," అంది నల్లమ్మ టీ వడబోస్తూ.

"నవ్వుక్కా, నవ్వు. ఇంగ రైలుకు కట్టినా. గుంతకల్లు నుంచి డ్రైవరు లేకుండా బెంగుళూరుకు పోయింది. ధర్మవరంలో టీకి నిలబడింది కూడా."

"రైలు టీ తాగిందా?"

"నేను తాగినా. అది నాకోసం కాచుకోనింది. కడాకు మబ్బుల్ని కూడా ప్రోగ్రాములోకి ఎక్కించినా. బెంగుళూరులో మూడు దినాలు విడవని వాన."

శ్రీరంగప్ప గ్లాసు కింద పెట్టాడు. "మరి ఈడ చుక్క పడలేదేమప్పా?"

"మన ఊరి పేరు ఎక్కించేలోపల నన్ను మాన్పించిరి కదన్నా."

అన్నాక గానీ నోరు జారిందని కుళ్ళాయప్పకు తెలియలేదు. "ఎందుకు మాన్పించినారు?" అన్నాడు శ్రీరంగప్ప.

కుళ్ళాయప్పకు రోషం పొడుచుకొచ్చింది. "ఓర్వలేక. తల్లి ప్రోగ్రాము అట్టలు పదివేలు నాకిచ్చి సర్దమన్నారు. చూస్తే ముక్కాలు భాగం చిల్లులే, పురుగు కొట్టినట్ల. మనం విత్తనం ఏరినట్ల రెండు దినాలు కూర్చోని ఏరినా. చిల్లులుండేవన్నీ పొయ్యిలోకి, గట్టివి పెట్టెలోకి. ఆఫీసును కాపాడితే నన్నే గెంటిరి."

బెంచీ చివర పేపరు చదువుతున్న బడి పంతులు గంగాధరప్ప తలెత్తాడు. "మా తమ్ముడు బెంగుళూరులో ఆ చిల్లులు కొట్టేదానికే జీతం తీసుకుంటాడు, కుళ్ళాయప్పా. చిల్లులే ప్రోగ్రాము. నువ్వు దాచింది ఉత్త అట్టలు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది కుళ్ళాయప్పకు. అయినా తల మాత్రం దించలేదు.

"చిల్లు విత్తనాన్ని మంచిదని ఏరింటే మా నాయన నా చెయ్యి ఇరగ్గొట్టేటోడు. మళ్ళీ పదివేలిచ్చినా నేను అట్లే ఏరతా."

శ్రీరంగప్ప ఇంజను హ్యాండిలు తీసి లింగన్న చేతిలో పెట్టాడు.

"ఏరుదువులే. రేపు పొద్దున్నే మా ఇంటికి రా. నాలుగు బస్తాల శెనక్కాయ విత్తనం ఉండాది. దానికి నీ అంతటోడు ఈ తాలూకాలోనే లేడు."